హుసేనప్ప పేరు

కట్టుకున్న మొగుడి పేరు జన్మలో నోటితో పలకని ఆడదానికి, ఆ పేరు పలకొద్దని ఎవరైనా జాగ్రత్త చెబుతారా? అమరనాథ్ చెప్పాడు. చెన్నమ్మ మనసులో అనుమానపు పురుగు దూరింది అప్పుడే.

బెంగళూరు హూడిలో ఒక పెద్దాసుపత్రి వెనక సందులో మూడంతస్తుల మేడ ఉంది. పరాయి దేశాల నుంచి వైద్యానికి వచ్చేవాళ్లకు గదులు అద్దెకిస్తారు. ఊడ్చడం, పక్కబట్టలు ఉతకడం, వంట, టీ, అన్నీ చెన్నమ్మ పనే. మెట్ల కింది గదిలో కూతురు హరిణితో కాపురం. రోగులను విమానాశ్రయం నుంచి తీసుకొచ్చేది, డాక్టరు మాట వాళ్లకూ వాళ్ల మాట డాక్టరుకూ చేరవేసేది అమరనాథ్. కువైట్‌లో లారీలు తోలి నేర్చుకున్న అరబ్బీ అతనికి ఇప్పుడు అన్నం పెడుతోంది.

ఆ వారం రెండో అంతస్తులో ఎదురెదురు గదుల్లోకి ఇద్దరు దిగారు. ఇద్దరిదీ ఇరాకే. జాసిం అనే పెద్దాయనది పడమటి ఎడారిలో హైవే మీది ఊరు, గుండె జబ్బు. కరీం అనే ఆయనది ఆ దేశపు దక్షిణ భాగం, మోకాలు ఆపరేషనైంది. సామాను పైకి చేర్చి అమరనాథ్ వంటింట్లోకి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

“వదినా, వీళ్లిద్దురూ ఒకరి మొగం ఒకరు చూసుకోరు. ఆ పెద్దాయప్ప సున్నీ, ఈయప్ప షియా. ఎవురి దగ్గరా అన్న పేరు మాత్రం చెప్పొద్దు.”

చెన్నమ్మ చేతిలోని ఉల్లిగడ్డ కింద పెట్టింది. “నేనెప్పుడన్నా ఆయప్ప పేరు పలికింది నువ్వు విన్యావా?”

అమరనాథ్ గతుక్కుమన్నాడు. “లేదులే, ఊరికే అన్యా” అని, పెట్టిన టీ కూడా తాగకుండా మెట్లు దిగిపోయాడు. ఊరికే అనే మాటకు ఇంత కంగారు ఎందుకో చెన్నమ్మకు అర్థం కాలేదు.

ఆమె మొగుడి పేరు హుసేనప్ప. కదిరి పక్కన పల్లె. పుట్టిన బిడ్డలంతా పోతుంటే అతని తల్లి పీర్ల చావిడికి వెళ్లి, ఈ బిడ్డ దక్కితే నీ పేరే పెట్టుకుంటానని హుసేను పీరుకు మొక్కుకుంది. బిడ్డ దక్కాడు, పేరు పడింది. ఆ పక్క అదేమీ వింత కాదు. నుదుట నామం పెట్టుకునే మనిషి హుసేనప్ప అని పిలిపించుకుంటాడు. పీర్ల పండగకు తలగుడ్డ చుట్టి పీరును ఎత్తుకుంటాడు, నిప్పుల గుండం తొక్కుతాడు, మరునాడు శనివారమైతే వెంకటేశ్వరస్వామికి టెంకాయ కొడతాడు. అడిగేవాడు లేడు, ఆశ్చర్యపోయేవాడు లేడు.

కరువు కాలంలో హుసేనప్ప, అదే ఊరి అమరనాథ్ ఒకే విమానంలో కువైట్ పోయారు. అమరనాథ్ అప్పటికే ఒక విడత అక్కడ లారీలు తోలి వచ్చినవాడు. అక్కడి కంపెనీ వీళ్లను ఒక మాట అడగకుండానే సరిహద్దు దాటించి ఇరాక్ పంపింది. అమెరికా సైన్యం అక్కడ పాత ప్రభుత్వాన్ని కూలదోసి శిబిరాలు వేసుకుని కూర్చుంది. ఎవరి దేశంలోనో ఎవరో దిగి కూర్చుంటే వాళ్లకు మంచినీళ్లు, ఐసుగడ్డలు మోసే పని మన కదిరి మనిషి నెత్తిన పడింది. పెద్దవాళ్ల కొట్లాటలు ఎప్పుడూ ఇంతే, బరువు మాత్రం మూడో మనిషి మోయాలి.

చెన్నమ్మ ఫోన్లో ఏడిస్తే హుసేనప్ప నవ్వేవాడు. “నా పేరే నాకు కావలి కదమ్మీ. సాయిబుల దేశంలో హుసేను అంటే కాదనేదెవురు? నువ్వు కట్టిన పచ్చదారం గూడా చేతికే ఉండాది” అనేవాడు. ఆమెకూ ధైర్యంగానే ఉండేది. ఆ దారం పీర్ల చావిడిలో చదివించి తెచ్చి తన చేత్తో కట్టింది. ఒకనాటి నుంచి ఫోన్ ఆగిపోయింది. హరిణికి అప్పటికి సరిగా మాటలు కూడా రాలేదు.

కొన్ని నెలలకు అమరనాథ్ ఒక్కడే తిరిగొచ్చాడు, ఎముకల గూడై. తాము వేరే వేరే లారీల గుంపుల్లో ఉన్నామనీ, అన్న ఉన్న గుంపు పడమటి ఎడారి హైవేలో దారి తప్పి పట్టుబడిందనీ, ఏదో జైల్లో ఉన్నాడంటున్నారనీ చెప్పాడు. కంపెనీ పలకలేదు. ఢిల్లీలో వాళ్లు వెతుకుతున్నామన్నారు, ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారేమో. ఏళ్లు గడిచాక ఊళ్లో పెద్దలు దర్భలతో బొమ్మ చేసి దినాలు జరిపించమన్నారు. “మనిషిని సూపియ్యండి, లేదా శవాన్ని సూపియ్యండి. గడ్డికి నేను తద్దినం పెట్టను” అని చెన్నమ్మ వాళ్ల ముఖాన చెప్పింది. బొట్టు తీయలేదు, తాళి తీయలేదు. సగం ఊరు మెచ్చుకుంది, సగం ఊరు నవ్వింది.

బెంగళూరు వచ్చి వర్తూరులో ఇటుకలు మోసింది. ఇల్లు అడగబోతే వెంకటగిరియప్ప అనే ఇంటాయన ఆధార్ కార్డులో మొగుడి పేరు చూసి, “ఏనమ్మా, సాబుల మనుషులా మీరు? బొట్టు పెట్టుకోనుండారే?” అని, గది ఖాళీ లేదన్నాడు. గది ఖాళీగానే ఉంది, తాళం కూడా వేసి లేదు. ఆ తర్వాత హూడిలో ఈ పని చూపించింది అమరనాథే. హరిణిని కాలేజీలో చేర్పించిందీ, జ్వరం వస్తే పరుగెత్తుకొచ్చిందీ అతనే. పైసా ఆశించలేదు, పల్లెత్తు మాట అనలేదు. ఇన్నేళ్లూ దేవుడిచ్చిన మరిది అనుకుంది చెన్నమ్మ. ఇప్పుడు ఆ మంచితనమే ఆమెకు ముల్లులా గుచ్చుకోసాగింది. ఊరికే ఇంత చేస్తాడా ఎవడైనా? ఏ అప్పు తీర్చుకుంటున్నాడు ఈ మనిషి?

పై అంతస్తులో చూస్తే అంతా అనుమానాల కాపురమే. జాసింకు కరీం తాగిన గ్లాసు పనికిరాదు. కరీం బాత్రూముకు పోయినా గది తలుపుకు తాళం వేస్తాడు. ఒకరు బయటికి వస్తే ఇంకొకరి తలుపు మూతపడుతుంది. ఇద్దరూ విడివిడిగా అమరనాథ్‌ను పట్టుకుని, ఆ ఎదుటి గదిలోవాడు ఎవరి మనిషి, ఎవరితో ఫోన్లో మాట్లాడుతున్నాడు అని ఆరా తీసేవాళ్లు. ఒకనాడు చెన్నమ్మ ఊడుస్తూ కరీం చాప మీద గుండ్రటి మట్టి బిళ్ల కనిపిస్తే, ఎక్కడిదో పెచ్చు ఊడిపడిందనుకుని చీపురుతో నెట్టబోయింది. కరీం కుంటుకుంటూ వచ్చి దాన్ని ఎత్తుకుని కళ్లకద్దుకున్నాడు. అది ప్రవక్త మనవడు హుసేను నెత్తురు చిందిన నేల మట్టి అనీ, షియాలు నమాజులో దాని మీద నుదురు ఆనిస్తారనీ తర్వాత అమరనాథ్ చెప్పాడు. హుసేను అనే మాట అంటున్నప్పుడు అతను ఆమె వైపు చూడలేదు.

రెండు రోజులు ఓర్చుకుంది. మూడోనాడు జాసిం గదిలో టీ పోస్తూ, పక్కనే ఉన్న అమరనాథ్‌తో అంది. “ఈయప్పది ఆ రోడ్డు మీది ఊరే కదా. అప్పట్లో మన లారీవాళ్లు ఆడ పట్టుబడినారు కదా, వాళ్లేమైనారో అడుగు.”

“ఇప్పుడేంటికి వదినా, గుండె జబ్బు మనిషిని.”

“అడగమంటి కదా.”

అమరనాథ్ అరబ్బీలో రెండు ముక్కలు అన్నాడు. జాసిం మాత్రం చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో తన మణికట్టు చుట్టూ వేలితో దారం చుట్టినట్టు చూపించాడు. జేబులోంచి గుర్తింపు కార్డు తీసి, దాని మీద పేరు ఉన్నచోట గోటితో కొట్టి చూపాడు. చెప్పడం అయ్యాక చెన్నమ్మ అమరనాథ్ ముఖంలోకి చూసింది.

“ఆయప్పకేం తెల్దంట” అన్నాడు అమరనాథ్.

ఏమీ తెలియదని చెప్పడానికి అంత మాట, అంత అభినయం కావాలా? చెన్నమ్మ టీ పళ్లెం తీసుకుని కిందికి వచ్చింది. ఈ మనిషే అమ్మేశాడు. తన మొగుణ్ణి ఎవరి చేతిలోనో పెట్టి, తన ప్రాణం కాపాడుకుని వచ్చాడు. ఆ పాపం కడుక్కోవడానికే ఇన్నేళ్లూ తన గడప దగ్గర కాపలా కాస్తున్నాడు. అలా అనుకోగానే పాత సంగతులన్నీ ఒక్కొక్కటే వచ్చి ఆ అనుమానానికి అతుక్కున్నాయి. అనుమానం అంతే, దానికి ఏది దొరికినా తిండే.

సాయంత్రం హరిణి ఆఫీసు నుంచి రాగానే, చెన్నమ్మ “అమ్మీ, అరబ్బీ వాళ్లతో మాట్లాడేది ఏమన్నా ఫోన్లో ఉంటుందా? ఉప్పూ కారం అడిగేదానికి” అంది. హరిణి చిటికెలో యాప్ వేసిచ్చింది. తెలుగులో చెబితే ఫోన్ అరబ్బీలో చెబుతుంది, అరబ్బీకి తెలుగు చెబుతుంది. కూతురికి కూడా అసలు మాట చెప్పలేదు చెన్నమ్మ. అప్పటికి ఆమె ఎవరినీ నమ్మే స్థితిలో లేదు.

మరునాడు కరీం కట్టు మార్పించడానికి అమరనాథ్ ఆసుపత్రికి పోయాడు. అదను చూసి చెన్నమ్మ టీ పళ్లెంలో ఫోన్ పెట్టుకుని జాసిం గదికి వెళ్లింది. గడప దగ్గర కూర్చుని ఆ రోజుల సంగతి అడిగింది. ఫోన్లో ఎవరో అమ్మాయి, వార్తలు చదివే తెలుగులో, జాసిం మాటలు ఒక్కొక్కటే అప్పజెప్పింది.

“అమెరికావాళ్లు వచ్చాక రాజ్యం తలకిందులైంది. అంతవరకు పైన ఉన్న మేము కిందికి వచ్చాము. అధికారం షియాల చేతికి పోయింది. వాళ్ల వెనుక పక్క దేశం ఉంది. మా వెనుక ఎవరూ లేరు. బయటి దేశాల నుంచి తుపాకులతో వచ్చినవాళ్లను మా ఇళ్లలో పెట్టుకున్నాము. చివరికి వాళ్లు మా పిల్లలనే చంపారు. అప్పుడు మా తెగ పెద్దలు అమెరికావాళ్లతోనే చేతులు కలిపి వాళ్లను తరిమారు.”

“మరి లారీవాళ్లు?”

జాసిం గ్లాసు వైపు చూస్తూ చెప్పాడు. “వేరే మతంవాళ్లయితే పట్టి ఉంచేవారు, కంపెనీతో బేరమాడటానికి. షియా అనుకుంటే ప్రాణాలతో ఉంచేవారు కాదు. కార్డులో పేరు చూసేవారు. అలీ, హుసేన్. చేతికి పచ్చదారం ఉందేమో చూసేవారు. ఇది నేను నిన్న చెప్పానే. నీ భర్త పేరు ఏమిటి?”

పెళ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పమంటే కూడా పాటలో కలిపి తప్పించుకున్న పేరు అది. ఇప్పుడు ఈ గడప దగ్గర, ముక్కూ మొగం తెలియని ముసలాయన ముందు, ఫోన్‌కు నోరు దగ్గర పెట్టి పలికింది.

“హుసేనప్ప.”

ఫోన్ ఆ పేరును అరబ్బీ చేసి పలికింది. గ్లాసు ఎత్తబోయిన జాసిం చెయ్యి మధ్యలో ఆగిపోయింది. “చేసింది మా తెగవాళ్లు కాదు. బయటివాళ్లు” అంది ఫోన్. మీ తెగవాళ్లు చేశారని ఆమె అననే లేదు. జాసిం గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం కరీం గదికి వెళ్లింది. ఆ పేరు వినగానే కరీం కట్టు కట్టిన కాలుతోనే లేచి నిలబడి, గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాడు. “అమ్మా, మా వాళ్లకు చిక్కి ఉంటే ఆ పేరున్న మనిషిని తల మీద పెట్టుకుని పంపేవారు. తిరిగి రాలేదంటే వాళ్లకే చిక్కాడు. ఎదుటి గది ముసలాయన ఏమన్నాడు? బయటివాళ్లు చేశారన్నాడా? వాళ్లు నిన్న ఆ తుపాకులవాళ్లతో, నేడు అమెరికాతో, రేపు ఎవరితోనో. ఎప్పుడూ బయటివాళ్లే చేసి ఉంటారు!”

చెన్నమ్మ అడిగింది. “మరి వాళ్ల పేర్లు ఉండేవాళ్లు మీకు చిక్కితే ఏం చేస్తాంటిరి నాయనా?”

ఫోన్ ఆ ప్రశ్నను అరబ్బీలో చెప్పింది. కరీం మట్టిబిళ్లను గుడ్డలో చుట్టి దిండు కింద పెట్టుకుని, తలుపు వేసి వెళ్లమన్నట్టు సైగ చేశాడు.

ఏ మాటా కలవని ఇద్దరు ఒక్క మాట దగ్గర కలిశారు. పేరు చూసే వేరు చేసి ఉంటారు. తను ధైర్యం అనుకున్న పేరు, తను చదివించి కట్టిన దారం, అవే అతణ్ణి పట్టించి ఉంటాయి. ఆ సాయంత్రం కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది చెన్నమ్మ, హరిణి మాట్లాడకుండా తినేసింది. ఇక మిగిలింది అమరనాథ్. అదే దారిలో పోయి అతను ఎట్లా తిరిగొచ్చాడు?

మరునాడు మధ్యాహ్నం అమరనాథ్ మందుల సంచితో మెట్లెక్కబోతుంటే అడ్డం నిలబడింది.

“నువ్వు యా లారీలో ఉండినావు?”

“ఏంది వదినా?”

“ఆయప్పను పట్టుకున్న పొద్దు నువ్వు యా లారీలో ఉండినావు? ఇంగో అబద్ధం చెప్తివా, ఈ గడప తొక్కొద్దు. హరిణిని పేరు పెట్టి పిలవొద్దు.”

అమరనాథ్ సంచి కింద పెట్టాడు. తర్వాత మెట్టు మీద కూలబడ్డాడు.

“అన్న లారీ ముందర. నాది ఎనకాలే.”

చెన్నమ్మ కళ్లు మూసుకుంది.

“దోవలో ఆపినారు. మొగాలకు గుడ్డలు కట్టుకోనుండారు. నా కార్డు చూసి పక్కన నిలబెట్టినారు. అన్న కార్డు చూసి ‘హుసేన్’ అని ఒకరి మొగం ఒకరు చూసుకున్యారు. అన్నకు అరబ్బీ రాదు. నన్ను మధ్యలో నిలబెట్టినారు, నువ్వు చెప్పు అని. ‘ఈయప్ప హిందువు’ అని చెప్పినా వదినా. నా బిడ్డల మీద ఒట్టు, మొదట అదే చెప్పినా. ‘హిందువుకు ఆ పేరేంది?’ అన్యారు.”

“ఆయప్ప ఏమన్యాడు?”

“నవ్వినాడు.” అమరనాథ్ ముఖం రెండు చేతులతో తుడుచుకున్నాడు. “నీకు తెలుసు కదా, పీరుసామి సంగతి ఎత్తితే అన్న ఆగడు. మా యమ్మ మొక్కుకుని పెట్టిన పేరు అన్యాడు. పీరును నేనే ఎత్తుకుంటా, హుసేను కోసరం మా ఊరంతా ఏడుస్తాది అన్యాడు. దారం చూపిచ్చినాడు. బూటు ఇప్పి అరికాలు ఎత్తి చూపిచ్చినాడు, ‘ఇదో, ఆ సామి కోసరం గుండం తొక్కితే కాలిన మచ్చ’ అని. వాళ్లు మెచ్చుకుంటారనుకున్యాడు. నేనూ అట్లే అనుకున్యా వదినా. సాయిబులు కదా, మన హిందువులు గూడా హుసేనును కొలుస్తారంటే సంతోషపడతారనుకున్యా. వాళ్లలో ఇన్ని పక్షాలుంటాయని మనకెవురు చెప్పినారు?”

చెన్నమ్మ మెట్ల కమ్మీ పట్టుకుంది. గుండం తొక్కితే కాళ్లు కాలకూడదు. కాలితే మొక్కులో ఏదో లోపం ఉన్నట్టు, ఊళ్లో తల ఎత్తుకోలేరు. పెళ్లైన ఏడు హుసేనప్ప కాలు కాలింది. తలుపులు మూసి వెన్న రాసింది తను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. తల్లికి కూడా తెలియనివ్వలేదు. మెట్టు మీద కూర్చున్న ఈ మనిషి ఆ మచ్చను మరెక్కడా చూసి ఉండడు. ఇన్నేళ్లలో మొదటిసారి అమరనాథ్ నిజం చెబుతున్నాడు.

అంటే ఆయప్ప లేడు. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఆమె కూడా అతని కింది మెట్టు మీద కూర్చుంది.

“అదంతా నువ్వు వాళ్లకు చెప్పినావా?”

“అన్న చెప్పింది చెప్పినట్ల చెప్పినా. వాళ్లకు తెలుగొస్తాదా? కార్డులో తప్పు పడిందంట అని ఒక్క మాట అనింటే అయిపోతాండె. అన్లేదు. నా తిక్కకు ఇంగొక మాట గూడా కలిపినా.”

“ఏం కలిపినావు?”

అమరనాథ్ తల వంచుకున్నాడు. “‘హుసేనుకు మా ఊర్లో ఈయప్పను మించిన భక్తుడు లేడు’ అన్యా. అన్నను లారీ ఎనకకు తీసుకపోయినారు. నన్ను బేరానికని నెలలు పట్టి పెట్టుకోని ఇడిచినారు. అప్పట్నుంచి ఎవురి మాటైనా ఉన్నదున్నట్ల చెప్పాలంటే నాకు నోరు రాదు వదినా. నువ్వు బొట్టుతో ఎదురొచ్చినప్పుడల్లా చెప్పాలనుకుంటా, జైల్లో ఉండాడేమో అనేస్తా.”

పైన జాసిం గది తలుపు తెరుచుకుంది. నీళ్ల కోసమో ఏమో, గోడకు తట్టి పిలిచాడు. ఇద్దరూ లేవలేదు.

“అది గూడా నిజమే కదప్పా” అంది చెన్నమ్మ చివరికి. “ఆయప్పను మించిన భక్తుడు మనూర్లో ఎవురుండారు?”

అమరనాథ్ తల ఎత్తి ఆమెను చూశాడు. చూపు నుదుటి దగ్గర ఆగి దిగిపోయింది.

“దాని పక్క చూడొద్దు. అది తీసేదో ఉంచేదో నేను చూసుకుంటా” అంది ఆమె. గొంతు అప్పుడు పగిలింది. చెంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. అమరనాథ్ ఓదార్చబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కొంతసేపటికి ఆమె ముఖం తుడుచుకుని లేచింది. “పోవద్దు, ఈడనే కూచో. హరిణి ఆఫీసు నుంచి వస్తాది. నాయన ఎట్ల పోయినాడో దానికి నువ్వే చెప్పాల. ఆ కాలు ఎత్తి సూపిచ్చింది, నువ్వు కలిపిన మాట, అంతా. దాన్ని చూసి అయ్యో అని ఒక్క ముక్క గూడా తగ్గించొద్దు.”

అమరనాథ్ తల ఊపాడు. చెన్నమ్మ నీళ్ల చెంబు తీసుకుని పైకి వెళ్లింది.